నేల చాలని తొట్టి

ఎనిమిదేళ్ళలో గాజక్క కట్టిన చేపల తొట్టి ఒక్కటి కూడా చుక్క నీరు కార్చలేదు. ఈ మాట ఆవిడ ఎవరితోనూ అనదు. అనాల్సిన అవసరం రాకుండా మరదలు చూసుకుంటుంది. షెడ్డు గుమ్మంలో ఎవరాగినా, దారి అడగడానికి ఆగిన మనిషైనా సరే, ఈ సంగతి వినకుండా కదలడానికి వీల్లేదు. వదిన గాజు కోస్తుంది, మరదలు అంచులు నూరి జిగురు వేస్తుంది. ఇద్దరికీ కలిపి ఒక రేకుల షెడ్డు, ఒక పెద్ద బల్ల, ఒకరి మీద ఒకరికి బోలెడు వేళాకోళాలు. వదిన అసలు పేరు తన అన్నయ్య కూడా మరిచిపోయాడని మరదలు అంటూంటుంది. మరిచిపోయినా ఆశ్చర్యం లేదు. అందరూ గాజక్క అనే పిలుస్తారు.

సోమవారం పొద్దున ఫోను మోగేసరికి గాజక్క ఒక పలక మీద కట్టరుతో గీత గీసి ఉంది. ఫోను చేసింది పెంపుడు జంతువుల షాపాయన. వీళ్ళకి పనంతా ఆయన దగ్గర్నుంచే వస్తుంది. పొడవెంత, వెడల్పెంత, ఎత్తెంత అని కాగితం మీద రాసి పంపుతాడు, వీళ్ళు కట్టి ఇస్తారు, దాని మీద తన షాపు స్టిక్కరు అంటించి ఆయన అమ్ముకుంటాడు. ఆరోజు మంచీచెడూ అడగకుండానే మొదలుపెట్టాడు. పళ్ళ డాక్టరమ్మ ఆస్పత్రి హాల్లో పెట్టిన తొట్టి ఉంది కదా, అందులోని మూడు ఆక్సోలోటల్స్, అంటే నీళ్ళలో బతికే బల్లుల్లాంటి ప్రాణులు, పాడైపోతున్నాయట. ఒకదానికి ముందుకాలి పాదం ఊడిపోయిందట. ఇంకోదానికి మెడ పక్క కుచ్చులు సగం పోయాయట.

"నీ జిగురులో విషం ఉందక్కా," అన్నాడు. "డాక్టరమ్మకీ అదే చెప్పాను. ఇది తేలేదాకా నీకు కొత్త పని పంపలేను."

గాజక్క ఫోనుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, ముందు పలకని బల్ల అంచుకి జరిపి, రెండు చేతులతో కిందికి నొక్కింది. పలక గీత వెంబడే శుభ్రంగా విరిగింది. గీసి వదిలేస్తే గాజు మొండికేస్తుంది, ఆ తర్వాత ఎవరి మాటా వినదు. ఆ పని అయ్యాకే ఆవిడ స్టూలు మీద కూలబడింది.

ఆ తొట్టి మామూలుది కాదు. అడుగున నలభై అయిదుకి నలభై అయిదు సెంటీమీటర్లు, ఎత్తు తొంభై. అంత ఎత్తున నీళ్ళు నిలబెడితే కింది అతుకుల మీద పడే బరువు అంతా ఇంతా కాదు. ఆవిడ చేతిలో అంత నిటారుగా, అంత శుభ్రంగా ఇంకో తొట్టి రాలేదు. దాన్ని చూసుకోవడానికే ఏదో వంకన ఆ వీధి గుండా వెళ్ళేది. ఒకసారి నొప్పి లేని పన్ను కూడా చూపించుకుని వచ్చింది. ఇప్పుడు ఆ తొట్టికే విషమని పేరొచ్చింది.

విషయం విన్న మరదలు జిగురు తుపాకీ బల్ల మీద పడేసింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆయన జంతువుల్ని చూసుకోలేక మన జిగురు మీద పడ్డాడంది. ఈ మాట ఇంకో ఇద్దరి చెవిన పడితే షెడ్డు మూసుకోవడమేనని కూడా అంది. అది వేళాకోళం కాదు, ఇద్దరికీ తెలుసు.

గాజక్క లేచి షెడ్డు మూలకి వెళ్ళింది. అక్కడొక ప్లాస్టిక్ టబ్బులో గప్పీ చేపలుంటాయి. సరదాకి పెంచేవి కావు. ఏ తొట్టి కట్టినా అదే రోజు, అదే ట్యూబు జిగురుతో, రెండు తుక్కు గాజుముక్కలు అతికించి, కట్టరు మొనతో తేదీ గీకి, ఆరాక గప్పీల నీళ్ళలో వేస్తుంది ఆవిడ. వాటిని సాక్షి ముక్కలంటుంది. ఇలా చెయ్యమని ఎవరూ నేర్పలేదు, ఇంకెవరూ చెయ్యరు కూడా. టబ్బులో మోచేతిదాకా చెయ్యి పెట్టి, ఒక్కొక్క ముక్కా తీసి వెలుతురులో తేదీ చూసుకుంటూ వచ్చింది. కావలసింది ఏడోది.

"పట్టుకెళ్ళి ఆయన మొహాన కొట్టు వదినా," అంది మరదలు.

"మొహాన కొడితే గాజు పగులుతుంది," అంది గాజక్క.

మంగళవారం ఇద్దరూ ఆస్పత్రికి వెళ్ళారు. మరదలి ఒళ్ళో మూత పెట్టిన గాజు సీసా, అందులో ఆరు గప్పీలు, వాటి మధ్య సాక్షి ముక్క. హాల్లో అప్పటికే షాపాయన ఉన్నాడు. చెడ్డమనిషి కాదు, కానీ అడిగినదానికి తెలియదని చెప్పడం చేతకాని మనిషి. డాక్టరమ్మ తెల్లకోటుతోనే బయటికొచ్చింది. గాజక్క సీసాని కౌంటరు మీద పెట్టి, అదే జిగురు, అదే తేదీ, ఎనిమిది నెలలుగా ఈ ముక్క ఈ చేపల నీళ్ళలోనే ఉందని చెప్పింది. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. మరదలు మాత్రం అందులో ఒక గప్పీ కడుపుతో ఉందని, విషం తాగి ఎవరూ కడుపు పండించుకోరని కలిపింది.

షాపాయన సీసాని ఎత్తి, తిప్పి, తేదీ చదివి, మళ్ళీ దించాడు. చేపలమ్మేవాడు కనక కడుపుతో ఉన్న చేపని కాదనలేకపోయాడు. డాక్టరమ్మ వెంటనే తప్పు ఒప్పుకుంది. వినగానే నమ్మడం తన పొరపాటేనంది. పని ఎప్పటిలాగే పంపుతానని ఆయన గొంతు సవరించుకుని చెప్పి, షాపు తెరిచే వేళయిందని వెళ్ళిపోయాడు. అరగంటలో పేరు నిలబడింది. మరదలు గెలుపు మొహంతో సీసా చంకన పెట్టుకుని లేచింది.

గాజక్క లేవలేదు. తొట్టి ముందు నేల మీద చతికిలబడి లోపలికి చూస్తోంది.

"మరి ఆ కాలు ఏమైనట్టు?" అంది.

వేలెడంత ఉన్నప్పుడు తెచ్చిన ప్రాణులు. ఇప్పుడు జానెడు దాటి పెరిగాయి. వెడల్పాటి తల, నాలుగు కాళ్ళు, మెడకి అటూ ఇటూ ఈకల్లాంటి ఎర్రటి కుచ్చులు. నీళ్ళలో ఊపిరి ఆ కుచ్చులతోనే. మూతి మాత్రం ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉంటుంది. పాదం పోయినది కూడా నవ్వుమొహంతోనే మూలకి నక్కి కూర్చుంది. అది చూడలేకపోయింది గాజక్క. నొప్పని చెప్పుకోవడానికి దానికి మొహమైనా లేదే అనుకుంది.

సంచిలోంచి గాజు మీద రాసే మైనపు పెన్సిలు తీసింది. లోపల ఏ ప్రాణి ఎక్కడ కదిలినా, సరిగ్గా ఆ ఎత్తున బయట గాజు మీద చిన్న గీత పెట్టడం మొదలుపెట్టింది. ఏం చేస్తున్నావని మరదలు అడిగితే ఇంకా తెలియదంది. బుగ్గలు పట్టుకుని వచ్చినవాళ్ళు పిలిచినప్పుడు లోపలికెళ్ళారు, దూది కరుచుకుని బయటికొచ్చారు. బుగ్గ వాచిన ఒక పెద్దమనిషి మాట్లాడలేక, ఏం రాస్తున్నావని చేత్తోనే సైగ చేశాడు. గాజక్క కూడా చేత్తోనే, నడక అని చూపించింది. గంట గడిచింది, రెండు గడిచాయి. మరదలు గొణగడం మానేసి, తొట్టికి అవతలి పక్క చేరి, వదినకి కనబడని కదలికలు చెప్పడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం డాక్టరమ్మ వానపాముల డబ్బా, పొడుగాటి పట్టకారు తీసుకుని వచ్చింది. వాటికి తిండి తనే పెడుతుంది, ఇంకెవరినీ పెట్టనివ్వదు. వానపాము ఒకటి నీళ్ళలో దిగేసరికి మూడు తలలూ ఒక్కచోటికే వచ్చాయి. రావడానికి ఇంకోచోటు ఉంటే కదా. పెద్దది తల పక్కకి తిప్పి గబుక్కున పట్టుకుంది. పట్టుకున్నది వానపాముని కాదు, పక్కదాని వెనక కాలిని. అది గింజుకుని విడిపించుకుంది, పైకి లేచింది, పట్టు దొరక్క గాజు వెంబడి జారి మళ్ళీ ఆ రెండింటి మీదే పడింది.

డాక్టరమ్మ పట్టకారు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పళ్ళు తప్ప ఇంకోటి చూడని మనిషి, తన హాల్లో జరుగుతున్న కాటుని గుర్తుపట్టలేకపోయింది.

గాజక్క లేచి రెండడుగులు వెనక్కి జరిగింది. గాజు మీద పెట్టిన గీతలు అప్పుడు మొత్తంగా కనిపించాయి. అడుగు నుంచి జానెడు ఎత్తు దాకా గీత పక్కన గీత, ఖాళీ లేదు. ఆ పైన లెక్కపెడితే ఏడు. గాలి గుటక వెయ్యడానికి పైకి లేచి, వెంటనే మునిగినప్పటివి. మిగతా ఎత్తంతా వట్టి నీళ్ళు. ఏ ఎత్తు చూసుకుని ఎనిమిది నెలలు మురిసిపోయిందో, ఆ ఎత్తు ఎవరికీ పనికిరాలేదు. జిగురు తప్పు కాదని తేలినప్పుడు ఇంటికి వెళ్ళిపోయి ఉంటే ఈ సంగతి తెలిసేది కాదు.

"డాక్టరమ్మా," అంది. "జిగురు తప్పు లేదు. తొట్టే తప్పు. ఇవి చేపల్లా ఈదేవి కావు, నడిచేవి. వీటికి కావలసింది నేల. మనం నాలుగంతస్తుల మేడ కట్టి, మెట్లు పెట్టకుండా, ముగ్గుర్నీ కింది గదిలో కాపరం చెయ్యమన్నాం."

మనం అని వదిన తనని కూడా కలుపుకోవడం మరదలికి అస్సలు నచ్చలేదు.

డాక్టరమ్మ ఫోను చేస్తే షాపాయన వచ్చాడు. గీతలు చూశాడు, పెదవి విరిచాడు. తొట్టిలో నూట అరవై లీటర్ల పైన నీళ్ళున్నాయి, మూడింటికి అది ధారాళమన్నాడు. తొట్టిని ఎవరైనా లీటర్లలోనే లెక్కకడతారు, తను కూడా అలాగే ఇచ్చానన్నాడు. గాజు కోసేవాళ్ళు గాజు సంగతి చూసుకుంటే జంతువుల సంగతి తను చూసుకుంటానని కూడా అన్నాడు. ఎనిమిది నెలల కింద, ఇందులో ఏం పెడతారని గాజక్క అడిగినప్పుడు అన్నదీ ఈ మాటే. అప్పుడు ఆవిడ ఊరుకుంది. అంత ఎత్తు తొట్టి కట్టే పని దొరికిందన్న సంబరంలో రెండోసారి అడగలేదు. ఇప్పుడు ఊరుకోలేదు.

"లీటర్లు మీరన్నన్నే ఉంటాయి అన్నయ్యగారూ," అంది. "గాజూ ఇదే ఉంటుంది. దీన్ని పడుకోబెడదాం."

హాలు గచ్చు మీద మోకాళ్ళ మీద కూర్చుని మైనపు పెన్సిలుతో ఒక చదరం గీసింది. ఇప్పుడు మూడింటికీ ఉన్న నేల ఇదీ అంది. దాని పక్కనే, అంచుకి అంచు ఆనించి, అంతే చదరం ఇంకోటి గీసింది. నాలుగు వైపులా నాలుగు పలకలున్నాయి, ఒక్కోటి తొంభైకి నలభై అయిదు. ఒకటి అడుగున పరుస్తాను, ఒకటి ముందు, ఒకటి వెనక. నాలుగోదాన్ని రెండుగా కోస్తే రెండు పక్కలకీ సరిపోతుంది. ఇప్పుడు అడుగునున్న చదరపు పలక మూతలో సగానికి వస్తుంది, మిగతా సగానికి జల్లెడ వేస్తాను. ఎనభై సెంటీమీటర్ల ఎత్తున నిలబడ్డ నీళ్ళు నలభై ఎత్తున పరుచుకుంటాయి. నేల రెండింతలవుతుంది. ఇదంతా ఆవిడ వేలితో గచ్చు మీద చూపిస్తూ చెప్పింది, గొంతు పెంచలేదు.

అంత పొడుగు తొట్టి పెట్టాలంటే గోడవార మూడు కుర్చీలు తీసెయ్యాలి. డాక్టరమ్మ కుర్చీల వైపు చూసి, పన్ను నొప్పివాళ్ళు ఎలాగూ కుదురుగా కూర్చోరంది. షాపాయన మాత్రం, మనం అమ్మిన తొట్టిని మనమే తప్పంటే రేపు ఎవరు కొంటారని గాజక్కని పక్కకి పిలిచి అడిగాడు. అన్నది నేను, మీరు కాదని ఆవిడ జవాబిచ్చింది.

దారిలో మరదలు సీసాతో సహా విరుచుకుపడింది. పేరు నిలబెట్టుకోవడానికి వెళ్ళి, నిలబడ్డ పేరుని చేజేతులా పడగొట్టుకుంటారా ఎవరైనా? వెనక్కొచ్చిన తొట్టి లేదని ఇన్నేళ్ళుగా అందరికీ చెబుతూ వచ్చింది. ఇప్పుడు వదినే వెళ్ళి వెనక్కి అడిగి తెచ్చుకుంటే రేపట్నుంచి ఏం చెప్పాలి?

"నీళ్ళు కారనివ్వలేదని గర్వపడ్డాను," అంది గాజక్క. "నీళ్ళు నిలబెట్టడం సగం పనేనమ్మాయ్. లోపలున్నది బతకాలి కదా."

మరదలు సీసాని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది. ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని ఊరికే అన్నారా, ఆ పెద్దదాని తప్పేముందిలే అని చివరికి తనే అంది. అది ఒప్పుకోవడమని వదినకి తెలుసు.

బుధవారం ఆస్పత్రి తలుపులు తీయకముందే పని మొదలైంది. మూడు ప్రాణుల్నీ మూడు వేరువేరు టబ్బుల్లోకి మార్చారు, చల్లగా ఉండాలని ఏసీ గదిలో, రోజూ నీళ్ళు మార్చేటట్టు. ఫిల్టరు స్పాంజి ఎండితే అందులో నీళ్ళని శుభ్రం చేసే సూక్ష్మజీవులు చస్తాయని, దాన్ని పాతనీళ్ళ బకెట్టులోనే తిరగనిచ్చారు. మరదలు గొట్టంతో తొట్టి నీళ్ళు తోడింది. పద్దెనిమిది లీటర్ల బకెట్లు తొమ్మిది నిండాయి. షాపాయన వ్యాను పంపడమే కాకుండా తను కూడా వచ్చాడు. చేతులు కట్టుకుని చూశాడు, బకెట్లు లెక్కపెట్టాడు.

షెడ్డులో ఆ తొట్టిని విప్పడం ఇద్దరికీ కష్టమైంది. సన్నటి బ్లేడు అతుకులోకి దిగలేదు. స్టీలు తీగ వేసి అటొకరు ఇటొకరు లాగితే, తీగ తెగింది కాని జిగురు తెగలేదు. ఇంత గట్టిగా ఎవరు వెయ్యమన్నారని మరదలు విసుక్కుంది. వేసింది తనేనని గుర్తొచ్చి నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. గాజక్క తను కట్టినవాటిలో అన్నిటికన్నా మంచిదాన్ని ఇంకో తీగతో వేలెడు వేలెడు చొప్పున కోస్తోంది. అయినా మధ్యలో ఒకసారి ఆగి, తెగిన అతుకుని వెలుతురుకి పెట్టి చూసింది. ఎక్కడా గాలి బుడగ లేదు. బాగా వేశావని మరదలితో అంది. ఎనిమిదేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు.

పలకల అంచులకున్న పాత జిగురు గీకి, స్పిరిటుతో తుడిచి, నాలుగో పలకని బల్ల మీద పరిచారు. పక్క పలకలు ముందూ వెనకా గాజుల మధ్యలో కూర్చోవాలి కనక ఆ మందం మేరకు తగ్గించి గీత గీసుకుంది గాజక్క. కట్టరు చక్రానికి కిరోసిన్ చుక్క అద్ది, ఊపిరి బిగబట్టి, ఒక్క లాగుడులో గీసింది. రెండోసారి గీస్తే అంచు పళ్ళు పళ్ళుగా విరుగుతుంది. బల్ల అంచున నొక్కగానే టక్కుమని రెండయింది. సాయంత్రానికల్లా తొట్టి నిలబడింది. నిలబడింది అనకూడదేమో, ఒళ్ళు వాల్చింది. పుల్లటి జిగురు వాసన షెడ్డంతా నిండింది. ఆ తర్వాత ఏడు రోజులు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. రెండు రోజులు చాలదా అని షాపాయన రెండుసార్లు కబురు పెట్టాడు. ఏడంటే ఏడేనని మరదలు రెండుసార్లూ చెప్పి పంపింది.

ఎనిమిదో రోజు పాత పేపర్ల మీద పెట్టి నీళ్ళు నింపి చూశారు. పేపరు మీద ఒక్క తడి చుక్క లేదు. తొమ్మిదో రోజు ఆస్పత్రికి తెచ్చి గోడవార బల్ల మీద పెట్టి, నాలుగు మూలలా మట్టం చూసి, బకెట్లతో నీళ్ళు పోశారు. ఈసారి నీళ్ళు పోసింది షాపాయనే. ఒక్కో బకెట్టుకీ అంకె పైకి చెబుతూ పోశాడు. తొమ్మిదో బకెట్టుకి నీళ్ళు గాజక్క పెన్సిలుతో పెట్టుకున్న గుర్తుకి సరిగ్గా వచ్చి ఆగాయి. ఆయన ఖాళీ బకెట్టు చేత్తో పట్టుకుని, కాసేపు ఆ గుర్తునే చూశాడు.

టబ్బుల్లోంచి ప్రాణుల్ని డాక్టరమ్మ స్వయంగా దింపింది. కుచ్చులు పోయినదానికి కొత్తవి ఎర్రగా నూగులా వస్తున్నాయి. పాదం ఊడినచోట చిన్న మొగ్గలాంటిది మొలిచింది. పెద్దది ఎడమ మూలకి వెళ్ళి కూర్చుంది, కుచ్చులది కుడివైపు రాయి వెనక చేరింది. కుంటిది మాత్రం ఆ చివర్నుంచి ఈ చివరికి, తొంభై సెంటీమీటర్లూ తాపీగా నడిచి, ఎవరికీ తగలకుండా తిరిగి, మళ్ళీ నడిచింది. అమ్మతో వచ్చిన ఒక చిన్నపిల్ల గచ్చు మీద బోర్లా పడుకుని, గడ్డం చేతుల్లో పెట్టుకుని, దానితోపాటు కళ్ళు జరుపుతోంది. గాజక్క మనసు నిండిపోయింది. ఎత్తు తొట్టిని చూసుకున్నప్పుడు కలిగిన గర్వం వేరు. అప్పుడు తన చేతిపని కనబడేది. ఇప్పుడు ఎంత చూసినా గాజు కనబడటం లేదు, నడిచే ప్రాణే కనబడుతోంది. ఇదే ఎక్కువ గర్వంగా ఉంది.

మరదలు ఆ చిన్నపిల్ల తల్లిని పట్టుకుని, ఇది పడుకోబెట్టిన తొట్టి అనీ, అవే పలకలనీ, అన్నే నీళ్ళనీ మొదట్నుంచీ చెబుతోంది. వదిన తనే వెళ్ళి వెనక్కి అడిగి తెచ్చుకుని విప్పి కట్టిందని చెప్పేటప్పుడు గొంతు ఇంకాస్త పెంచింది.

డాక్టరమ్మ సంబరానికి అంతులేదు. తొట్టి ఆ చివర్నుంచి ఈ చివరికి చూసి, మధ్యలో ఇంత ఖాళీ ఉందే అంది. షాపులో బంగారు రంగుది ఒకటి వచ్చిందని విన్నాను, నాలుగోదాన్ని కూడా పెట్టుకోవచ్చా అని షాపాయనని అడిగింది.

అమ్మకం నోటిదాకా వచ్చింది. షాపాయన నోరు తెరిచాడు. తెరిచి, తడి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. గోడవార నిలబడి సంచిలో సామాను సర్దుకుంటున్న గాజక్క వైపు చూశాడు.

"నన్నడక్కండి డాక్టరమ్మా," అన్నాడు. "గాజక్కని అడగండి."

గాజక్క చేతిలో కొలత టేపు చుట్టలోకి పోతూ పోతూ ఆగింది. హాల్లో ఉన్నవాళ్ళంతా తన మొహం వైపే చూస్తున్నారని తెలిసి చెవులు వేడెక్కాయి. ఆ ఖాళీ ఖాళీ కాదు, అవి ఒకదాన్నొకటి తప్పుకుని నడిచే దారి అని చెప్పొచ్చు. చదరాలు గీసి మళ్ళీ చూపించొచ్చు. ఏదీ అవసరమనిపించలేదు.

"మూడే," అంది.

డాక్టరమ్మ తలూపింది. షాపాయన కూడా తలూపాడు.